విలన్ చచ్చిన మర్నాడు

2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికుల సమ్మె ముగిసిన రాత్రి టీవీలో స్క్రోలింగులు పరుగెడుతున్నాయి. షూటింగులు మళ్లీ మొదలవుతున్నాయని ఒకటే మోత. ఏ సినిమా ఎన్ని రోజులు ఆగింది, ఎవరి డేట్లు పోయాయి, ఇవే కబుర్లు. నాన్న కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి నావైపు తిరిగాడు.

"ఇంతకీ ఎంతకు తెగిందిరా?"

ఫోన్‌లో వెతికి చెప్పాను. అడిగింది 30 శాతం. ఆగస్టు 4న పని ఆపారు. కార్మిక శాఖ మధ్యలో కూర్చుని మాట్లాడించాక 21న తెగింది. మూడేళ్లలో 22.5 శాతం. రోజు కూలి 2,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకి మొదటి ఏడాది 15 శాతం, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5.

"ఆ ఐదు దేని మీద? పాత కూలి మీదా, పెరిగిన కూలి మీదా?"

నేను చదివిన వార్తలో ఆ సంగతి లేదు. ఆయన పేపరు అంచు మీద పెన్సిల్‌తో లెక్క మొదలుపెట్టాడు. వెయ్యి రూపాయల కూలి అనుకుంటే, పాతదాని మీద లెక్కేస్తే మూడో ఏటికి 1,225. పెరిగినదాని మీద లెక్కేస్తే 1,237 చిల్లర. తేడా పన్నెండు రూపాయల చిల్లర. "ఇలాంటి తేడా కోసం మేం ఒకసారి తెల్లవార్లూ కూర్చున్నాం" అని పెన్సిల్ పక్కన పెట్టేశాడు.

ఆ రాత్రి నాకు పడుకోబోయే ముందు తట్టింది. చిన్నప్పటి నుంచి ఎర్ర సినిమాలు ఎన్నో చూశాను. యజమాని గుండెలో కొడవలి దిగడం చూశాను, ఫ్యాక్టరీ గేటు మీద జెండా ఎగరడం చూశాను, నాయకుడి శవం మీద పూలు పడటం చూశాను. "ఎంతకు తెగింది?" అని ఒక కార్మికుడు ఇంకో కార్మికుణ్ని అడగడం మాత్రం ఏ సినిమాలోనూ చూసిన గుర్తు లేదు. మా కాలనీలో సమ్మె రోజుల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే.

శిబిరంలో వీసీపీ

నాన్న ఒక స్పిన్నింగ్ మిల్లులో సైడర్, అంటే నూలు వడికే యంత్రాల వరస చూసుకునే కార్మికుడు. యూనియన్‌లో సహాయ కార్యదర్శి. మిల్లు పేరు, ఊరి పేరు వద్దులెండి, ఇప్పుడక్కడ వెంచర్ వేశారు. నేను ఆరో తరగతిలో ఉండగా, అంటే 1991లో, సమ్మె నోటీసు ఇచ్చిన పదో రోజున యాజమాన్యం లాకౌట్ ప్రకటించింది. 93 రోజులు.

గేటు ఎదురుగా రిలే నిరాహార దీక్షల శిబిరం వేశారు. నెలన్నర గడిచేసరికి జనం పల్చబడ్డారు. కొందరు ఊళ్లకు పోయి పొలం పనుల్లో పడ్డారు, కొందరు తాపీ పనికి పోయారు. శిబిరంలో మళ్లీ జనాన్ని కూర్చోబెట్టడానికి యూనియన్ వాళ్లు ఒక రాత్రి కలర్ టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి 'ఎర్రమల్లెలు' వేశారు. మాదాల రంగారావు, ధవళ సత్యం సినిమా. అప్పటికే పదేళ్ల పాతది. అయినా నాంపల్లి టేషను పాట వచ్చినప్పుడు శిబిరం మొత్తం పాడింది. రెండుసార్లు వెనక్కి తిప్పి వేశారు. క్యాసెట్ అరుగుతుందని షాపు కుర్రాడు మొత్తుకుంటున్నా వినలేదు.

ఆ రాత్రిని నేను తక్కువ చేసి చెప్పదలుచుకోలేదు. నెలన్నరగా ఉప్మా, టీతో నెట్టుకొస్తున్న మనుషులు ఆ రాత్రి ఈలలు వేశారు. మర్నాడు శిబిరంలో జనం రెట్టింపయ్యారు. సినిమా చేయగలిగిన పని అంటే అదే కదా, అంతకంటే ఏం కావాలి అంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆర్. నారాయణమూర్తి సినిమాలను చూసి నవ్వేవాళ్లతో కూడా నాకు ఇదే పేచీ. 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం'తో మొదలుపెట్టి ఇన్నేళ్లుగా తన డబ్బుతో, తన గొంతుతో ఒకే మాట మీద నిలబడ్డ మనిషి ఆయన. 'చీమలదండు' పాట మైకులో వినపడని మేడేని మా వైపు నేను చూడలేదు. థియేటర్లో రెండు వారాలు ఆడని సినిమా పాట కూడా గేటు మీటింగులో ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. దాన్ని ఫ్లాప్ అని ఎలా అంటాం?

అయితే ఆ రాత్రి మా అమ్మ అన్న మాట కూడా నాకు గుర్తుంది. ఆడవాళ్లంతా శిబిరం పక్కన గోనె పట్టాల మీద కూర్చున్నారు. సినిమాలో సమ్మె జోరుగా సాగుతోంది. అమ్మ పక్కావిడతో మెల్లగా అంది: "వీళ్లకి కిరాణా కొట్టువాడు ఇన్నాళ్లు అప్పు ఎలా ఇస్తున్నాడే?"

మా ఇంట్లో అప్పటికి అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి. కొట్టు ఖాతా పుస్తకం నా చేతికే ఇచ్చి పంపేవాళ్లు. పిల్లవాడి మొహం చూసి కాదనడని. కొట్టాయన మంచివాడే, కానీ బియ్యం తూచేటప్పుడు పుస్తకంలోకి కాకుండా నా వంక చూసేవాడు. సమ్మె అంటే నాకు ఆ చూపు. తెర మీద మాత్రం సమ్మె అంటే పిడికిళ్లే.

ఆకలిని మన సినిమా అసలు చూపించలేదని కాదు. 1969 నాటి 'మనుషులు మారాలి' ఉంది. కార్మిక నాయకుడైన భర్త పోయాక, పిల్లల ఆకలి చూడలేక వాళ్లను తన చేతులతోనే చంపుకున్న తల్లి కథ. మలయాళం 'తులాభారం' నుంచి వచ్చింది. అక్కడా ఇక్కడా ఆ తల్లి శారదే. సమ్మె వంటింట్లోకి ఎలా వస్తుందో ఇంత భయంకరంగా చెప్పిన సినిమా తెలుగులో ఇంకోటి లేదేమో. కానీ చూడండి, అది ఆకలిని చూపించడానికి ప్రాణాల దాకా పోవాల్సి వచ్చింది. మామూలు ఆకలి, అంటే ఖాతా పుస్తకం ఆకలి, ఫీజు కట్టలేదని బెంచీ ఎక్కించే ఆకలి, పెళ్లికి పిలిస్తే చదివింపులు లేవని మానుకునే ఆకలి, అది సినిమాకు పనికిరాలేదు. సమ్మెలు విరిగేది మాత్రం చాలాసార్లు దానివల్లే.

రెండు రకాల నాయకులు

93వ రోజున తెగింది. ఏసీఎల్, అంటే అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసులో ముందు రోజు సాయంత్రం మొదలైన చర్చలు తెల్లవారుజామున ముగిశాయి. ట్వెల్వ్ త్రీ అంటారు మా వాళ్లు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్ కింద, లేబర్ అధికారి సమక్షంలో అయ్యే ఒప్పందం అది. దాని మీద సంతకం పడితే సంతకం పెట్టని యూనియన్ వాళ్లకీ, రేపు చేరబోయేవాళ్లకీ కూడా వర్తిస్తుంది. అందుకే ఆ పెన్ను అంత బరువు.

అడిగినవి పదకొండు. వచ్చినవి నాలుగూ, సగం సగం మూడూ. బోనస్ 20 శాతం అడిగితే చట్టం ప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిన 8.33, దానికి పైన ఎక్స్‌గ్రేషియా పేరుతో రెండు. లాకౌట్ రోజులకు జీతం లేదు. అడ్వాన్సు ఇస్తారు, పది వాయిదాల్లో కోస్తారు. రోజు కూలి మీద నాలుగు రూపాయల పావలా. వీడీఏ, అంటే ధరలతోపాటు మారే కరువు భత్యం, పాయింటుకు ఇంతని. డిస్మిస్ చేసిన ఏడుగురిలో ఆరుగుర్ని తీసుకుంటారు. ఏడో మనిషి సూపర్‌వైజర్ మీద చెయ్యి చేసుకున్నాడని అభియోగం. అతని సంగతి లేబర్ కోర్టు తేలుస్తుంది.

ఏడో మనిషి కార్డింగ్‌లో, అంటే పత్తిని దువ్వే విభాగంలో పనిచేసేవాడు. నాన్నను అన్నయ్యా అని పిలిచేవాడు, నేను బాబాయ్ అనేవాణ్ని. ఆ సూపర్‌వైజర్‌ను అతను కొట్టాడా లేదా అన్నది ఇప్పటికీ నాకు తెలీదు. నాన్న చెప్పడు.

పొద్దున తొమ్మిదింటికి గేటు మీటింగు పెట్టి ఒప్పందం చదివారు. నాన్నే చదివాడు, గొంతు స్పష్టంగా ఉంటుందని. సగం మంది చప్పట్లు కొట్టారు. వెనకనించి ఒక కేక వచ్చింది. తర్వాత ఇంకో పది. "అమ్ముడుపోయారు." ఒక చెప్పు వచ్చి మైకు స్టాండుకు తగిలింది. నేను గోడ మీద కూర్చుని చూస్తున్నాను.

బళ్లో మా క్లాసువాడే, వాళ్ల నాన్నా మిల్లులోనే, ఇంటర్వెల్‌లో అడిగాడు: "మీ నాన్న ఎంత తీసుకున్నాడ్రా?" వాడికి కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. వాడూ నేనూ కలిసి చూసిన సినిమాలన్నిట్లోనూ యజమానితో ఒక గదిలో కూర్చుని బయటికి వచ్చిన నాయకుడి చేతిలో సూట్‌కేసు ఉండాల్సిందే. గదిలోకి వెళ్లాడంటేనే అమ్ముడుపోయాడు. అమ్ముడుపోనివాడు గదిలోకి వెళ్లడు. వెళితే తలుపు బద్దలు కొట్టుకుని వెళతాడు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది. మన సినిమాకు యూనియన్ నాయకులు రెండే రకాలు. ఒకడు అమరుడు, ఇంకొకడు అమ్ముడుపోయినవాడు. మొదటివాడు ఇంటర్వెల్‌కు ముందో క్లైమాక్సుకు ముందో లారీ కింద పడి చస్తాడు. రెండోవాడు లాల్చీ వేసుకుని, పాన్ నములుతూ, యజమాని పక్కన నవ్వుతుంటాడు. తర్వాతి కాలంలో వీణ్నే కామెడీకి కూడా వాడుకున్నారు. నాకు తెలిసిన నాయకులు మాత్రం ఈ ఇద్దరిలో ఎవరూ కారు. నాలుగు వందల కుటుంబాల తరఫున కాగితం మీద సంతకం పెట్టి, దానిలో ఏమేం వదిలేశామో తమకొక్కళ్లకే పూర్తిగా తెలిసి, మర్నాడు మొదటి షిఫ్టుకు అందరితోపాటే టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్లిన మనుషులు. వాళ్ల మీద సినిమా లేదు. విలన్‌ను చంపడానికి ధైర్యం కావాలి, నిజమే. ఆరుగురిని తీసుకుని ఏడోవాణ్ని వదిలే కాగితం మీద సంతకం పెట్టడానికి ఏం కావాలో నాకు మాట దొరకట్లేదు. ధైర్యం అని అనలేను. పిరికితనం అని అసలే అనలేను.

డ్రామా లేదు అనకండి. ఒకే గది, ఒకే రాత్రి, రెండు పక్షాలు, మధ్యలో నిద్రమత్తులో ఉన్న అధికారి, బయట వరండాలో బీడీలు కాలుస్తూ వందమంది. నాటకం రాసేవాడు ఇంతకంటే ఏం కోరుకుంటాడు? యాజమాన్యం తరఫు మనిషి మధ్యమధ్యలో ఫోన్ చేయడానికి బయటికి వెళ్లేవాడట. వెళ్లి వచ్చిన ప్రతిసారీ కూలి మీద ఒక పావలా కదిలేదట. మూడోసారి వెళ్లినప్పుడు నాన్న వాళ్లలో ఒకాయన వెనకాలే వెళ్లి చూస్తే, ఫోన్ దగ్గర ఎవరూ లేరు, ఆయన మెట్ల మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. అంటే అసలు ఎంతవరకు ఇవ్వాలో ముందే తెలుసు, ఊరికే టైము లాగుతున్నాడు. ఈ ఒక్క సీను చాలు, నేను టికెట్ కొంటాను.

నాన్న నాతో ఒప్పుకోడు

ఇదంతా నాన్నకు చెబితే తేల్చేశాడు. "పొద్దంతా మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి మాట్లాడి వచ్చినవాడు రాత్రి మళ్లీ అదే సినిమాలో చూడాలా? వాణ్ని ఎవడో ఒకడు తన్నితే చూద్దామని ఉండదూ?"

ఉంటుంది. ఈ మాటకు నేను తలవంచాల్సిందే. సైడర్ కొడుకుగా ఎదిగి, ఏసీ గదిలో కూర్చుని, సినిమాలో చర్చలు చూపించమని అడగడం తేలిక. సూపర్‌వైజర్ బూతు విని గుడ్లప్పగించి నిలబడ్డవాడికి రెండున్నర గంటల పాటు ఆ లెక్క సరిచేయడం సినిమా చేసే మేలు.

ఇంకో వాదన రాజకీయమైంది, అదింకా గట్టిది. ఈ సినిమాలు తీసినవాళ్లలో చాలామంది కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి నుంచో, ఆ చుట్టుపక్కల నుంచో వచ్చినవాళ్లు. నాలుగు రూపాయల పావలా కోసం చేసే పోరాటం మనిషిని అక్కడే ఆపేస్తుందన్న భయం వాళ్లది. కూలి పెరగడం కాదు, కూలీ అన్న మాటే పోవాలి అనుకునేవాడికి ఒప్పందం మజిలీ అవుతుంది గానీ కథకు ముగింపు ఎలా అవుతుంది? ఇది అర్థమవుతుంది. చర్చల పేరుతో ఎన్ని పోరాటాలను నీరుగార్చారో కూడా చరిత్రలో ఉంది.

అయినా ఆ వాదన పూర్తిగా నిలబడదని నాకనిపిస్తుంది. తిరుగుబాటును నమ్మినవాళ్లు తీసిన 'మా భూమి'నే చూడండి. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాత. జనం గెలుస్తారు, భూములు పంచుకుంటారు. సినిమా అక్కడ ఆగదు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చాక, పారిపోయిన దొర టోపీ మార్చి తిరిగి ఊళ్లోకి వస్తాడు. గెలిచిన మర్నాడు ఏం జరిగిందో చూపించే ధైర్యం ఆ సినిమాకు ఉంది. అందుకే ఇన్నేళ్లయినా అది గుండెలో ముల్లులా ఉంటుంది. తర్వాత వచ్చిన మిల్లు సినిమాలు, బస్తీ సినిమాలు ఆ మర్నాటిని వదిలేశాయి. యజమాని చచ్చాడు సరే, మిల్లు ఎవరిది? కరెంటు బిల్లు ఎవరు కట్టారు? పత్తి ఎవరు అప్పిచ్చారు? మొదటి షిఫ్టు సైరన్ ఎవరు మోగించారు? 'శుభం' కార్డు వేసేశారు.

దీని వల్ల నష్టం ఏమిటంటే, యజమానిని కొట్టే పని ఒకసారి సినిమాకు అసలు విషయం అయిపోయాక, ఆ పని చేయడానికి కార్మికుడే అక్కర్లేదు. ఇంకా బాగా కొట్టగలిగినవాడు ఎవరైనా చేయవచ్చు. తొంభైల నుంచి అదే జరిగింది. పెద్ద హీరో వచ్చి కాలనీలో దిగుతాడు. అతను అసలు కోటీశ్వరుడి కొడుకని చివర్లో తెలుస్తుంది. కార్మికులంతా వెనక గుంపుగా నిలబడి, అతను గాల్లోకి లేపిన రౌడీ ఎక్కడ పడతాడా అని తలలు తిప్పి చూస్తుంటారు. ఎర్రజెండా పోయింది, ఎర్ర కండువా మిగిలింది, అదీ పాటలో డాన్సు కోసం. ఇందులో తప్పంతా ఎర్ర సినిమాలదని అనను. కానీ తలుపు కొంచెం తీసిపెట్టింది అవే.

2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె చూశాం. అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా 52 రోజులు, దాదాపు 48 వేల మంది. పనిలోకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టే అని ప్రభుత్వం అంది. చర్చలు జరిగీ జరగనట్టే ముగిశాయి. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి ఏ షరతూ లేకుండా విరమించారు. ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన రాసినదాని సారాంశం, వీళ్లకి ఒక మంచి లీడర్ లేడు, ఉంటే సీన్ వేరేగా ఉండేది అని. ఆయన మనసులో ఉన్న లీడర్ ఎవరో నాకు కనిపిస్తూనే ఉంది. బస్సు టాపు మీద నిలబడి డైలాగు చెప్పేవాడు. అవతలివాడు బల్ల దగ్గర కూర్చోనంటే ఏ లీడరైనా ఏం చేస్తాడన్నది మనకు సినిమా నేర్పలేదు. అది తెలీని జనం 52 రోజులూ ఆట చూసినట్టు చూశారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఆఫీసుకు క్యాబ్‌లో వెళ్లాను.

బల్లకు అవతల ఎవరున్నారు

ఇంతదాకా రాసి రెండు వారాలు పక్కన పెట్టేశాను. ఒక అనుమానం వచ్చింది. నేను అడుగుతున్న సినిమా కూడా పాతబడిపోయిందేమో.

నాన్న వాళ్లకు కనీసం ఒక బల్ల ఉండేది. అవతల ఒక మనిషి ఉండేవాడు, అబద్ధపు ఫోన్లు చేసినా సరే. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి పనికొచ్చినవాళ్లు. ఇలా వచ్చినవాడికి కూలి ఇచ్చేది ఒకడు, పని చెప్పేది ఇంకొకడు, గేటు పాసు మీద పేరు మూడోవాడిది. ఎవరితో కూర్చుంటాడు? ఏ భాషలో? మన ఎర్ర పాట మైకులో పెడితే అతనికి అందులో జెండా అన్న మాట ఒక్కటే తెలుస్తుందేమో.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు రవాణా, నీళ్లు, కరెంటు లాంటి ప్రజోపయోగ సేవల్లోనే సమ్మెకు ముందస్తు నోటీసు తప్పనిసరి. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల ముందు చెప్పాలి. రాజీ చర్చలు నడుస్తుంటే సమ్మె చేయకూడదు. మనుషుల్ని తీసేయడానికి ప్రభుత్వం అనుమతి కావాలంటే అక్కడ వందమంది ఉంటే చాలనేది పోయి, మూడు వందలు ఉండాలన్నారు. అదే చట్టంలో సంప్రదింపులు జరిపే యూనియన్ అని ఒక హోదా కూడా పెట్టారు. 51 శాతం సభ్యత్వం ఉంటే ఆ యూనియన్ ఒక్కటే మాట్లాడుతుంది. చర్చలకు చట్టం కుర్చీ వేసింది, కూర్చోవడానికి ముందు చేయాల్సిన పనిని కష్టం చేసింది. అంతకుముందే ఆంధ్రలో, తెలంగాణలో పది గంటల పనిదినానికి దారులు తెరిచారు. ఎనిమిది గంటల కోసం పుట్టిన మేడే రోజున ఏ పాట పెట్టుకోవాలో మరి.

ఇలాంటప్పుడు చర్చల సినిమా తీయండి అంటే, లేని బల్ల మీద నాటకం వేయమన్నట్టు ఉంటుందేమో. బల్లే లేనివాడికి మిగిలేది పాత సినిమాలోని కోపమే కదా? నేను ఎగతాళి చేసిన ఆ పిడికిళ్లే ఇప్పుడు నిజమేమో? ఈ ప్రశ్న దగ్గర నేను ఇంకా తడబడుతూనే ఉన్నాను. ఒక్కటి మాత్రం గమనించాను. ఆగస్టులో షూటింగులు ఆపినవాళ్లలో లైట్లు మోసేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, ఫైట్లలో కింద పడేవాళ్లు, గుంపులో నిలబడి పిడికిలి ఎత్తేవాళ్లు ఉన్నారు. అంటే తెర మీద సమ్మె చేసే ఆ గుంపే. దశాబ్దాలుగా యజమానిని తన్నించిన పరిశ్రమ, తన సొంత కూలీల దగ్గరికి వచ్చేసరికి, 15, 2.5, 5 అని పావలాలు లెక్కపెట్టింది. వాళ్లు కూడా కొడవళ్లు పట్టలేదు. కూర్చుని లెక్కపెట్టారు. కెమెరా వెనక అంత కథ నడిచింది. ఎవరో ఒకరు కెమెరా ఇటు తిప్పితే బాగుండును.

కార్డింగ్ బాబాయ్ కేసు లేబర్ కోర్టులో పదకొండేళ్లు నడిచింది. తీర్పు వచ్చేసరికి మిల్లు మూతపడింది. ఉద్యోగం బదులు డబ్బు ఇవ్వమన్నారు, అందులో ఎంత చేతికి వచ్చిందో తెలీదు. ఈలోగా అతను మిల్లు గేటు పక్కనే టీ బడ్డీ పెట్టుకున్నాడు. నాన్న రోజూ షిఫ్టు దిగి అక్కడే టీ తాగేవాడు. డబ్బులిచ్చేవాడు, అతను తీసుకునేవాడు. ఒక్కరోజు కూడా వద్దులే అన్నయ్యా అనలేదు. ఒక్కరోజు కూడా నాన్న ఇంకో బడ్డీకి పోలేదు. పదకొండేళ్లలో ఆ కాగితం గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదని అమ్మ చెప్పింది.

ఆ ఆగస్టు రాత్రి లెక్క అయిపోయాక నేను టీవీ కట్టేయబోతుంటే నాన్న ఆగమన్నాడు.

"ఆ వార్తలో ఇంకోటి చూడు. సమ్మె చేసినందుకు ఎవరినీ బయట పెట్టం అని రాసుకున్నారా?"

పైనుంచి కిందిదాకా మళ్లీ చదివాను. శాతాలు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, ఎవరెవరు చేతులు కలిపారో ఫొటో ఉంది. ఆ ముక్క లేదు.

"ఇంకో పేపర్లో చూడు" అన్నాడు.